వెండివారంలో మా లిదియా

ఎల్లారెడ్డి,
17 జూన్ 1996

ప్రభువు తన రెక్కల కింద దాచుకున్న నా బంగారు బిడ్డ లిదియాకు, బాపు దేవన్న వేనవేల దీవెనలతో రాయునది.

చూసిన బిడ్డా, చూసిన! నిన్న ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు నిన్ను టీవీలో చూసిన! ఆగలేక ఉరికురికి రాస్తున్న. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఏమనుకోకు.

పోయిన ఉత్తరంలో నువ్వేం రాసినవు? "వెండివారం అని సినిమా వార్తల కార్యక్రమం మొదలవుతోంది, అందులో నాకు పని దొరికింది, ఆదివారం నా గొంతు వింటావు" అని ముక్తసరిగా రాసినవు. గొంతు ఒక్కటే అన్నవు. మొఖం సంగతి కడుపులో దాచుకున్నవు. బాపును ఒక్కసారిగా అదరగొట్టాలనే గదా, దొంగపిల్లా!

మన ఎల్లారెడ్డికి ఇంకా కేబులు రాలేదు. సర్కారు టీవీ ఒక్కటే వస్తది. అందుకే మొదటి బస్సుకు కామారెడ్డి పోయిన. స్టేషన్ రోడ్డు మీద మన సిరాజుద్దీన్ రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నడు. నీకు యాది ఉండాలె, మన డేరా టాకీసులో సినిమా మిషన్ తిప్పినోడు. నేను బయట ఊర్ల పొంట మైకు, వాడు లోపల మిషన్. డేరా ఎత్తేసినంక మేమిద్దరం రెండు ఊర్లల్ల పడ్డం గాని, దోస్తానా పోలేదు.

దుకాణంలో ఐదారుగురు కూర్చుని ఉన్నరు. టీవీలో ఢాం ఢాం అని సంగీతం వచ్చింది. తెల్లగ మెరిసేది ఏదో గిర్రున తిరిగింది. అప్పుడు నువ్వొచ్చినవు! నా కండ్ల సంగతి నీకు ఎరుకే. కాగితం ముక్కుకు ఆనించుకుంటే అక్షరం తెలుస్తది గాని, బారెడు దూరంలో మనిషి మంచులో చెట్టు తీరు ఉంటడు. తెల్లటి మొఖం, ఎర్ర చీర, అంతే నాకు ఆనింది. కాని నోరు తెరిచినవు చూడు! నా బిడ్డ గొంతు నాకు తెలియదా? కచ్చురం బండిలో నా పక్కన కూర్చుని, మైకు బ్యాటరీ అయిపోతే నాకంటే గట్టిగ ఒర్రిన గొంతు!

"అరే సిరాజూ, నా బిడ్డరా! మా లిదీరా!" అని లేచి నిలబడ్డ. దుకాణంలో ఎవరూ సప్పుడు చేయలేదు. సిరాజు వచ్చి నా పక్కన నిలబడ్డడు. తర్వాత మెల్లగ "హౌ దేవన్నా, నీ బిడ్డనే. మాషా అల్లా" అన్నడు. సంతోషం ఎక్కువైతే వానికి మాట రాదు, మొదటి నుంచి అంతే.

బిడ్డా, మా తాత డప్పు కొట్టి దండోరా వేసిండు. మా నాయన వేసిండు. నేను మైకు పట్టిన. లింగంపేట, గాంధారి, సదాశివనగర్ దాకా నా గొంతు వినని ఇల్లు లేదు. కాని బండిలో మైకు డబ్బా వెనుక కూర్చున్నోని మొఖం ఎవరు చూసిండ్రు? మూడు తరాలుగా మనింటిలో గొంతుకే పని. మొఖానికి పని దొరికింది నీతోటే. మీ అమ్మ మరియ ఉంటే ఈ ముచ్చట చెప్పుకొని ఏడ్చేది. ఇప్పుడు ఆ ఏడ్చుడు కూడా నేనే ఏడుస్తున్న.

ఒక్క అనుమానం. లింగంపేట తొవ్వలో బండి బోర్ల పడ్డప్పుడు నీ కనుబొమ్మ చీరుకపోయింది గదా, ఆ మచ్చ ఉన్నదా అని సిరాజును అడిగిన. "ఏమో, కనవడుతలేదు" అన్నడు. పౌడరుతో కప్పిండ్రా?

కండ్ల ఆపరేషన్ అని మళ్ల పోరు పెట్టకు. చేయించుకుంట.

నిన్ను చూసి కడుపు నిండిన
నీ బాపు,
దేవన్న


హైదరాబాదు,
2 జూలై 1996

బాపూ,

నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీదే కూర్చుని చదివాను. చదివి నవ్వాను. తర్వాత గదిలోకి వెళ్లి మళ్లీ చదివాను, ఈసారి నవ్వు రాలేదు.

గొంతు అని ఎందుకు రాశానంటే, అసలు సంగతి ఏమిటంటే... సరే, అది తీరిగ్గా రాస్తాను. నువ్వు అంత సంతోషంగా ఉంటే చాలు.

మచ్చ గురించి అడిగావు. అక్కడ లైట్లు చాలా ఎక్కువ బాపూ. ఆ వెలుగులో మచ్చలు కనిపించవు.

నేను పనిచేసే గది చిన్నది. గోడలకు పరుపులు కుట్టినట్టు ఉంటుంది, బయట చప్పుడు లోపలికి రాకుండా. ఒక పక్క అద్దం. అద్దం అవతల అందరూ మాట్లాడుకుంటూ, టీ తాగుతూ, నవ్వుతూ ఉంటారు. కనిపిస్తుంది, వినిపించదు. వాళ్లు చెయ్యి ఎత్తితే నేను మాట్లాడాలి. చెయ్యి దించితే ఆపాలి. రోజంతా అంతే.

ఇక్కడ నాకు ఉన్న స్నేహితురాలు ఒక్కతే, రోష్నీ అని బొంబాయి అమ్మాయి. తెలుగు ఒక్క ముక్క రాదు. తనూ ఈ కార్యక్రమంలోనే. మధ్యాహ్నం ఇద్దరం ఒకే డబ్బాలో తింటాం. మన పచ్చిపులుసు పోసి పెడితే కళ్లలో నీళ్లు తిరిగినా గిన్నె వదల్లేదు.

ఆపరేషన్‌కు ఇప్పుడే తొందరపడకు. వానాకాలంలో కంటికి నీరు తగిలితే కష్టం. వానలు వెలిశాక చూద్దాం.

నీ
లిదియా


ఎల్లారెడ్డి,
9 సెప్టెంబరు 1996

దేవుడు నా ముసలితనానికి వెలుగుగా ఇచ్చిన లిదియాకు, బాపు ముద్దులు.

నువ్వు చెప్పినట్టే ఆపరేషన్ మాట పక్కకు పెట్టిన. సిరాజు మాత్రం గొణిగిండు. "నీ బిడ్డనే వద్దన్నదా?" అని అడిగిండు. "నా బిడ్డకు నా కండ్ల మీద ఎంత పావురమో, ఎంత ప్రేమనో చూడు, వానలో తడవనియ్యది" అన్న. వాడు స్క్రూ తిప్పుకుంట కూర్చున్నడు.

ఆదివారం ఒక్కటి కూడా తప్పలేదు బిడ్డా. మన చర్చి గంట కొట్టే పని నాదే గదా, ఇప్పుడు చర్చి ఊడ్చే సాలవ్వకు అప్పజెప్పి బస్సెక్కుతున్న. ఆమె గంట కొడితే జొన్నచేనులో పిట్టలను కొట్టినట్టు ఉంటదట. పాస్టరు అయ్యగారు నన్ను పిలిచి "దేవన్నా, ఆదివారం దేవునిది. సినిమావాళ్లది కాదు" అని గట్టిగనే మందలించిండు. తలకాయ వంచుకొని నిలబడ్డ. ఆయన రెండడుగులు పోయి మళ్ల వెనక్కి వచ్చి, "గుర్రం మీది నుంచి పడ్డ ఆ హీరోయిన్‌కు ఇప్పుడు ఎట్లున్నది? లిదియా ఏమన్నా చెప్పిందా?" అని అడిగిండు. అయ్యగారి భార్య ప్రమీలమ్మ లోపల నుంచి పక్కున నవ్వింది.

సిరాజు మీద ఒక ఫిర్యాదు ఉన్నది. మొదట్లో రంగుల టీవీ పెట్టేది, నీ చీర రంగన్న తెలిసేది. ఇప్పుడు ఎవరిదో మరమ్మతుకు వచ్చిన నలుపుతెలుపు టీవీ పెడుతున్నడు. పైగా నన్ను తీసుకపోయి గోడకు వెనుక బెంచీ మీద కూర్చోబెడుతున్నడు. దగ్గర కూర్చుంట అంటే "ఆ అద్దంల నుంచి వచ్చే ఎలుగుకు ఉన్న కండ్లు గూడ పోతయి, మాట ఇను" అని ఒర్లుతడు. డేరా టాకీసు నాడు కూడా వానికి ఇదే బుద్ధి, తన మిషన్ దగ్గరికి ఎవరినీ రానియ్యకపోవు. నాకేమనిపిస్తదంటే, వానికి జర కుళ్లు. వాని బిడ్డ సఫూరా టీవీలో లేదు గదా.

పాపం ఆ తెలుగు రాని పిల్ల రోష్నీకి ఏం పని ఇచ్చిండ్రు? చాయ్ తెచ్చిస్తదా? మంచిగ చూసుకో. ఊరు గాని ఊర్లో ఉన్న పిల్ల.

ఇప్పుడు అసలు ముచ్చట! అక్టోబరు ఇరవై ఆరు శనివారం మన చర్చిలో కోత పండుగ. ఈసారి ముఖ్య అతిథివి నువ్వే! అయ్యగారు ఒప్పుకున్నరు. నేను అటక మీది నుంచి పాత మైకు దించిన. సాయిలు బండి అడిగి తీసుకొని, పోయిన బుధవారం లింగంపేట తొవ్వ పట్టిన. ఎన్నేండ్లయిందో బిడ్డా, ఆ గొట్టం ముందర నోరు పెట్టి! "వెండివారం లిదియా వస్తున్నది! మన ఎల్లారెడ్డి బిడ్డ వస్తున్నది! ముందొస్తే బెంచీ, వెనకొస్తే నేల, అసలే రాకుంటే రేపు పక్కింటోడు చెప్పంగ వినాలె!" అదే మాట, అదే కూత. ముసలోళ్లు వాకిట్లోకి వచ్చి "దేవన్న గొంతేరా, బతికే ఉన్నడురా" అని నవ్విండ్రు.

ఆ ఎర్ర చీరనే కట్టుకొని రా.

ఎదురుచూస్తున్న
నీ బాపు


హైదరాబాదు,
20 సెప్టెంబరు 1996

బాపూ,

నేను రాలేను. శనివారం మాకు పని ఉంటుంది. మర్నాటి కార్యక్రమం ఆ రోజే సిద్ధం కావాలి.

నన్ను అడగకుండా ఊర్ల మీద మైకు ఎందుకు పట్టావు? వచ్చినవాళ్లు నన్ను చూసి ఏమనుకుంటారో ఒక్కసారన్నా ఆలోచించావా? నువ్వు ఆలోచించవు. నీకు సంతోషం వస్తే ఊరంతా వినాల్సిందే.

అయ్యగారికి నువ్వే చెప్పు. ఏం చెబుతావో నీ ఇష్టం.

ఇంతకన్నా రాయలేను.

లిదియా


ఎల్లారెడ్డి,
4 నవంబరు 1996

లిదియాకు, బాపు దేవన్న ఆశీర్వాదాలు.

కోపం తగ్గిందని తలుస్తున్న. తప్పు నాదే. మైకు పట్టినోనికి నోరు ఆగదు.

కోత పండుగ మంచిగనే అయింది. గుమ్మడికాయలు, మక్క కంకులు, కోళ్లు, అన్నీ వేలం పాడిండ్రు. వేదిక మీద నీ కుర్చీ ఖాళీగ ఉన్నది. తీసెయ్యుండ్రి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. నీకని తెచ్చిన శాలువాను ప్రమీలమ్మ నా చేతిలో పెట్టి, "ఇంట్లో దాచి పెట్టు దేవన్నా, పిల్ల ఎప్పుడన్నా రాదా?" అన్నది. లింగంపేట నుంచి నడిచి వచ్చిన ఆడోళ్లు నన్ను చుట్టుకున్నరు. "ఏదయ్యా నీ బిడ్డ?" అంటే, "పెద్ద షూటింగు పడ్డది, విమానంలో పంపిండ్రు" అని చెప్పిన. దేవుని గుడి ముందర నిలబడి అబద్ధం ఆడిన. మొక్కుకున్న, క్షమిస్తడు.

నువ్వెందుకు రాలేదో నాకు అర్థమైంది. "నన్ను చూసి ఏమనుకుంటారో" అని రాసినవు గదా. నీకు నామోషి అయింది. టీవీలో అంత తెల్లగ, అంత చక్కగ కూర్చునే పిల్లకు, గంట కొట్టే ముసలోడు పక్కన నిలబడి "నా బిడ్డ" అని ఒర్లితే నామోషి కాదా? నువ్వు మాట్లాడే భాష కూడా మారింది. టీవీలో ఒక్క మాట కూడా మనది ఉండదు, కృష్ణ అవతలోళ్ల తీరు మాట్లాడుతున్నవు. ఉత్తరాలు కూడా అట్లనే రాస్తున్నవు. అది నీ బతుకుదెరువు, నేను తప్పు పట్టను.

ఇంకొకటి. ముందట ప్రతి ఉత్తరంలో ఆపరేషన్, ఆపరేషన్ అని రాసేదానివి. ఇప్పుడు ఆ ఊసే లేదు. వానలు వెలిసి ఎన్ని రోజులైంది? నువ్వు అడుగుతవని ఎదురుచూసిన. కామారెడ్డిలో డిసెంబరులో కండ్ల క్యాంపు ఉన్నదట. సిరాజు నా పేరు రాయిస్త అంటే వద్దన్న. ఎందుకు బిడ్డా? ఇక్కడ చూడడానికి నాకు ఏమున్నది? మీ అమ్మ లేదు, నువ్వు లేవు. వారానికి ఒకసారి అర్ధగంట మబ్బు మబ్బుగ నువ్వు ఆనుతున్నవు. ఆ అర్ధగంటకు ఈ కండ్లు చాలు.

నిన్న కూడా చూసిన. కొత్త సినిమాల ముచ్చట చెప్పేటప్పుడు నీ గొంతు కొంచెం బొంగురు పోయింది. సొంఠి కషాయం తాగు.

బాపు


హైదరాబాదు,
16 నవంబరు 1996

బాపూ,

నాకు నామోషీ నీ వల్ల కాదు. ఎప్పుడూ కాదు. ఈ ఒక్కటి నమ్ము.

నువ్వు ఆపరేషన్ చేయించుకోవాలి. వానాకాలంలో వద్దని నేను రాసింది నీ కంటి కోసం కాదు బాపూ, నా కోసం. అది తలుచుకుంటే ఇక్కడ అన్నం సయించడం లేదు. ఎందుకో నీ కళ్లే నీకు చెబుతాయి. సిరాజు చిచ్చాకు వెంటనే కబురు పెట్టి క్యాంపులో పేరు రాయించు. డిసెంబరు ఎనిమిదిన ఆపరేషన్లని పేపర్లో చూశాను.

ఇంకొక సంగతి. వెండివారం ఆగిపోతోంది. ప్రకటనలు రావడం లేదట. సబ్బులవాళ్లు పోయారు, టీ పొడివాళ్లూ పోయారు. డిసెంబరు పదిహేను ఆదివారం ఆఖరిది. రోష్నీ దానికి వారం ముందే బొంబాయి వెళ్లిపోతోంది. నిన్న ఇద్దరం డబ్బా తెరిచి పెట్టుకుని ఒక్క ముద్ద తినలేదు. తను వెళ్లాక ఈ ఊర్లో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఉండదు.

నువ్వు కొత్త కళ్లతో ఆ ఆఖరి ఆదివారం చూడాలి. వెనక బెంచీ మీద కూర్చోకు. టీవీ ముందుకు వెళ్లు, రంగుల టీవీయే పెట్టమను. బాగా చూడు. చూశాక తిట్టాలనిపిస్తే తిట్టు, ఉత్తరాలు మానేస్తే మానెయ్యి. కాని చూడు.

నీ
లిదీ


హైదరాబాదు,
30 డిసెంబరు 1996

బాపూ,

చూసినవా? పదిహేను రోజులైంది, ఒక్క ముక్క రాలేదు. క్రిస్మస్‌కు హాస్టల్ మొత్తం ఖాళీ, నేనూ వాచ్‌మనూ ఉన్నం. నీ ఉత్తరం వస్తదని గేటు కాడనే కూసున్న. కన్ను మంచిగున్నదా? అదొక్కటన్నా రాయి. కోపమొస్తే కోపమే రాయి బాపూ. నీ ఒర్రుడు వినక ఎన్ని రోజులాయె.

లిదీ


ఎల్లారెడ్డి,
9 జనవరి 1997

నా తల్లికి, నా లిదీకి, నా కనుబొమ్మ మచ్చ బిడ్డకు, బాపు దేవన్న ఈ ప్రపంచంలో ఉన్న ముద్దులన్నీ పెట్టి రాయునది.

కోపం లేదు! ముందు ఆ మాట చదువు, తర్వాత మిగతావి చదువు. కట్టు విప్పినా అద్దాలు వచ్చేదాకా రాసుడు, చదువుడు బంద్ అన్నరు డాక్టర్లు. ప్రమీలమ్మ రాసిస్త అన్నది గాని, ఈ ఉత్తరం ఇంకొకరి చేతితో రాయబుద్ధి కాలేదు. నిన్ననే అద్దాలు వచ్చినయి. సోడాబుడ్డి అంత మందం. సిరాజు దుకాణంలో అద్దం ముందర నిలబడి, ఎవడురా ఈ ముసలోడు అనుకున్న. తెలిసి భయపడ్డ. నీ చివరి కార్డు ఇయ్యాల పొద్దుగాల నా అంతల నేనే చదివిన. మన మాటలు రాసినవు.

ఇగ ఆ ఆదివారం ముచ్చట విను.

డాక్టర్ల జీపు వచ్చుడే ఆలస్యం అయింది, ఎనిమిదిన కావలసిన ఆపరేషన్ పదమూడు శుక్రవారం అయింది. రైస్‌మిల్లు గోదాములో వరుసగ పండబెట్టిండ్రు. ఒక్క కంటికే చేసినా, రెండోది కదిలితే ఇది కూడా కదులుతదని రెండిటికీ కట్టు కట్టిండ్రు. కొత్త కండ్లతో చూడుమని నువ్వు రాస్తివి, నాకేమో లోకమంతా చీకటి! ఆదివారం పొద్దున నేను ఒకటే గొడవ చేసిన. సిరాజు డాక్టరును బతిమిలాడి, గంటసేపని చెప్పి, నన్ను రిక్షాలో చేయి పట్టుకొని దుకాణానికి తెచ్చిండు. "ఇయ్యాల ముందట కూసో. రంగులదే పెట్టిన. నీకు ఎట్లయినా కనవడదు గద" అన్నడు.

సంగీతం వచ్చింది. నేను చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్న. "నమస్కారం" అని నీ గొంతు వినపడ్డది.

అంతే బిడ్డా! దుకాణం మీద పిడుగు పడ్డట్టు ఒర్రిండ్రు అందరు. ఏదో కింద పడి పగిలింది. సిరాజు నా భుజం పట్టుకొని ఊపేస్తున్నడు. "దేవన్నా! నీ బిడ్డరా! లిదీరా! అరే, లిదీ వచ్చిందిరా! కనుబొమ్మ మీద మచ్చ గూడ ఉన్నదిరా!"

నాకు నవ్వొచ్చింది. "ఏందిరా కొత్తగ? వారం వారం చూస్తున్నదే గద?" అన్న.

అందరూ ఒక్కసారి ఊకున్నరు. మొదటి ఆదివారం ఊకున్నట్టే ఊకున్నరు. సిరాజు చేయి నా భుజం మీద అట్లనే ఆగిపోయింది. ఆ చేయి బరువుతోటే నాకు అంతా తెలిసింది. గొంతు అని నువ్వెందుకు రాసినవో, మచ్చ ఎందుకు కనపడలేదో, నలుపుతెలుపు టీవీ ఎందుకో, వెనుక బెంచీ ఎందుకో, కోత పండుగకు ఎందుకు రాలేదో, అన్నీ ఒకదాని వెనుక ఒకటి వచ్చి నిలబడ్డయి. తెలుగు రాని ఆ పిల్లకు ఏం పని అని అడిగిన గదా, ఆ పని కూడా తెలిసింది.

అప్పుడే నువ్వు టీవీలో చెప్పినవు. నాకు అక్షరం తప్పకుండ గుర్తున్నది. "ఇన్ని రోజులు మీరు చూసిన మొఖం నా దోస్తుది, విన్న గొంతు నాది. ఆమె పోయింది, అందుకని ఇయ్యాల నన్ను కూసోబెట్టిండ్రు. మాది ఎల్లారెడ్డి. మా బాపు డేరా టాకీసుల మైకు దేవన్న. ఆయన నేర్పిన మాటతోనే సెలవు తీసుకుంట. ముందొస్తే బెంచీ, వెనకొస్తే నేల, అసలే రాకుంటే రేపు పక్కింటోడు చెప్పంగ వినాలె!"

కట్టు లోపల కండ్లు తడిస్తే కుట్లు పోతయని డాక్టరు చెప్పి ఉన్నడు. బిగబట్టుకున్న. ఎంత కష్టమో నీకేం తెలుసు?

సంగీతం ఆగినంక సిరాజును అడిగిన. "ఆరు నెలలు నన్ను ఎడ్డోణ్ణి చేసినవు గదరా?"

"నువ్వే గద 'నా బిడ్డ' అని లేచి నిలబడితివి. కాదని ఎట్ల అనాలె? గొంతు నీ బిడ్డదే, నేనేం పూరా అబద్ధం ఆడలే" అన్నడు. "రంగుల్ల పెడ్తే ఏదో ఒకనాడు కనిపెడ్తవని ఆ పాత డబ్బా వెతికి పెట్టిన. వెనుక బెంచీ మీద నువ్వు ముసిముసి నవ్వుకుంట కూసుంటే, నా మిషన్ల ఏ సినిమాకూ ఎవడూ గట్ల నవ్వలే దేవన్నా."

ఇగ వాన్ని ఏం తిట్టాలె?

నీ మీద బాధ పడలేదంటే అబద్ధం అయితది. నా కండ్లు మబ్బుగనే ఉండాలని నాలుగు నెలలు కోరుకున్నవు గదా, ఆ గోదాములో పండుకొని రాత్రంతా అదే తలుచుకున్న. తర్వాత ఇంకొకటి తలిచిన. తెల్ల మొఖం, తెల్ల మొఖం అని నేనే గదా చంకలు గుద్దుకున్నది? నువ్వు ఆ అద్దం గదిలో ఒక్కదానివే కూర్చొని ఇంకొక పిల్ల మొఖానికి మాటలు పోస్తుంటే, నేనిక్కడ ఆ పిల్ల చీరను మెచ్చుకుంట కాగితాలు నింపిన. నా బిడ్డ నల్లగ ఉంటదని, మీ అమ్మ తీరు ఉంటదని, నాకే యాది లేకపాయె. యాది లేదంటే, కండ్లు మసకలు పట్టినప్పటి నుంచి నీ మొఖం నేను చూసిందే లేదు. పట్నం పోయిననాడు బస్సు కిటికీలో చేయి ఊపినవు, ఆ చేయి కూడా నాకు ఆనలేదు.

సిరాజు ఆ ఆఖరి వెండివారం టేపు ఎక్కించి పెట్టిండు. అద్దాలు పెట్టుకున్ననాడే "రా, చూపిస్త" అన్నడు. వద్దన్న. ముందుగాల నా బిడ్డను చూస్త, తర్వాత నీ టీవీ చూస్త అన్న.

అందుకని నువ్వు రావాలె. ఈసారి మైకు పట్టలేదు, ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మ సమాధి మీద ఒట్టు. ఈ నెల పందొమ్మిది ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు, వెండివారం వేళకే, కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సులు ఆగే చోట నిలబడు. సాలవ్వకు గంట అప్పజెప్పే వస్త. సిరాజును వెంట తేను, వాడు ఆగలేక ముందే చూపించేస్తడు. శాలువా నా సంచిలో ఉంటది.

మచ్చ మీద పౌడరు పూసుకోకు. నేను కనపడ్డంక పిలవకు, బాపూ అనకు, దగ్గు కూడా దగ్గకు. గొంతు వింటే అంత మందిలోనైనా పట్టుకుంట, అది నాకు గొప్ప కాదు. మొఖం చూసి పట్టుకోవాలె. ఆదివారం రద్దీ ఉంటది, జర సేపు పట్టొచ్చు. ఓపిక పట్టి నిలబడు. ఒకవేళ నేను ఇంకెవరో పిల్ల దగ్గరికి పోయి "బిడ్డా" అంటే నవ్వకు లిదీ. నవ్వితే నువ్వని తెలిసిపోతది.

నీ మొఖం కోసం అద్దాలు తుడుచుకుంట కూర్చున్న
నీ బాపు,
దేవన్న